సాగరపు టొడ్డున రెండు రాత్రులు

యాత్ర యనగానే మనకు తిరుపతియో, శ్రీశైలమో, కాశియో జ్ఞప్తికి వచ్చును. మ్రొక్కుబడియో, పుష్కరమో, పెండ్లియో లేనిదే ఇల్లు కదలుట మన కలవాటు లేదు. కావుననే, ఏ మ్రొక్కును లేక, ఎండకు మాడు ఎఱ్ఱరాళ్ళ సీమలో ఒక జలాశయపు టొడ్డున గుడారములు వేసికొని రెండు రాత్రులు గడపి వచ్చితిమన్న మాట మా యిరుగుపొరుగమ్మలకు వింతగ దోచినది. "ఇంటిలో మంచములు లేవా?" అని యొకరు నవ్విరి. "ఆడవాండ్రు బయలున పడుకొనుటయా!" అని యొకరు బుగ్గలు నొక్కుకొనిరి. నిలుచున్నపాటున చెప్పుటకు వీలుగాని సంగతి యొకటి యుండుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము తోడికోడండ్రము, ఒకరు చెప్పగా ఒకరు వ్రాసినది. ఇందు "మేము" అన్నచోట నిజముగ నిద్దఱమే యని చదువరులు గ్రహింతురు గాక.

మాది నరసరావుపేటకు చేరువ పల్లె. నాగార్జునసాగరపు కుడికాలువ నీటితో పండు పొలములు మావి. మా అత్తగారు ఈ యింటికి కోడలై వచ్చి యేబది యేండ్లు దాటినది. వారి పుట్టినయూరు కృష్ణయొడ్డున, నాగార్జునకొండ లోయలో నుండెడిది. ఇప్పుడది సాగరము నడుగున నున్నది. సామాను బండ్ల కెక్కించుకొని, తలిదండ్రుల వెంట ఊరు విడిచివచ్చిన దినము వారికి నేటికిని కన్నులకు కట్టినట్లుండును. ఆ యూరివారు తలకొక దిక్కునకు చెదరిపోయిరి. పుట్టినిల్లన్న మాట మిగిలినది గాని, పండుగకు పోవుటకు ఇల్లు మిగులలేదు. మాచర్లదాక నెన్నిమార్లు పోయినను, అటుపైని పోయి ఆ నీటిని చూచుటకు అత్తగా రొప్పుకొని యెఱుగరు. అయినను, ఇన్నియేండ్లుగ వారు తినుచున్న అన్నము మాత్రము ఆ నీటితో పండినదే.

ఆనకట్ట చరిత్ర మీలో ననేకు లెఱిగినదే. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. సుమారు 124 మీటర్ల యెత్తును, 1,450 మీటర్ల పొడవును గల ఆ రాతికట్టడమును వేలకొలది కూలివారు, స్త్రీలును పురుషులును, రాయి రాయి మోసి నిలిపిరి. దానికి 26 తలుపులు. కుడివైపున జవహరు కాలువ మన పల్నాటికిని, గుంటూరు, ప్రకాశము సీమలకును నీరందించును. ఎడమవైపున లాల్‌బహదూరు కాలువ నల్లగొండ, ఖమ్మము, కృష్ణా సీమలకు పోవును. పూర్వము పల్నాటి నీటికఱవును, జొన్నకూటిని వెక్కిరించు చాటువులు శ్రీనాథుని పేర వాడుకలో నుండెను. కాలువ వచ్చిన పిదప ఆ జొన్నచేలలో వరియు, మిర్చియు పండుచున్నవి. లాభము లెక్క అందఱును చెప్పుదురు. నష్టము లెక్క చెప్పగలవారు మా యింటిలోనే యుండిరి.

గడచిన కార్తికమున పిల్లలు గుడారములలో పడుకొనవలెనని పట్టుపట్టిరి. "అయినచో సాగరము వద్దకే పోదము" అని మామగారనిరి. అత్తగా రేమందురో యని మేమిద్దఱము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. వారు చాలసేపు ఊరకుండి, "కార్తీకంలో ఏ నీళ్ళయితే ఏమిటి, దీపం వదలాలిగా. పదండి, నేనూ వస్తా" అనిరి.

ఇట్టి బసకు పోదలచు సోదరీమణులకై మా ఏర్పాటులు చెప్పెదము. గుడారములు మూడు, జంబుఖానాలు, తలకొక దుప్పటి. పగలెంత యెండయున్నను తెల్లవారుజామున నీటిగాలి యెముకలు కొఱుకును. లాంతర్లు, టార్చిలైట్లు, మందుల పెట్టె, గొడుగులు. ఎదుట సముద్రమంత నీరున్నను త్రాగుటకు పనికిరాదు గనుక నాలుగు డబ్బాల మంచినీరు. తొలిపూటకు పులిహోర, జొన్నరొట్టెలు, గోంగూరపచ్చడి. తరువాత వండుకొనుటకు మా పొలపు బియ్యము, కందిపప్పు, చింతపండు. మఱియొక నిబంధన అత్తగారే పెట్టిరి: ఆ రెండుదినములును పొయ్యి పురుషుల పాలు. అన్నదమ్ములిద్దఱును మూడురాళ్ళ పొయ్యితో పడిన పాట్లు చూచి పిల్లలు పడిపడి నవ్విరి. మొదటి పూట అన్నము అడుగంటినది, అయినను ఎవరును పేరు పెట్టక తినిరి.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటి, గురజాల మీదుగ, ఎండాకాలపు వేడికి పేరుపడిన రెంటచింతల మీదుగ మాచర్ల చేరితిమి. త్రోవపొడుగునను నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ అరుగులు. మాచర్లలో చెన్నకేశవస్వామిని సేవించి బయలుదేరితిమి. ఆ యూరి ప్రక్కన పాఱు చంద్రవంకయే మఱికొంత దూరమున ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల యెత్తునుండి దుముకును. అచ్చట మొసళ్ళను పెంచుచున్నారు గావున ఆ మడుగున దిగరాదు. పైనుండి చూచి తృప్తిపడితిమి.

ఆనకట్టకు ఎగువ ప్రాంతమున నాగార్జునసాగరము–శ్రీశైలము పులుల అభయారణ్యము కలదు. అందు రాత్రి యుండుట తగదు. అందుచే అనుపునకు చేరువలో, అడవిహద్దుకు వెలుపల, ఒక రైతు నడిగి ఆయన చేనిగట్టున బస చేసితిమి. నీటియంచున గుడారము వేయరాదని ఆయనయే హెచ్చరించెను. పైనున్న శ్రీశైలమునుండి నీరు విడిచినప్పుడు ఇచ్చటి మట్టము పెరుగును. అంచునందలి బురదయు నమ్మదగినది కాదు. కావున చాల ఎగువన, రాతినేల పైని, తేళ్ళకై రాళ్ళన్నియు తిరుగవేసి చూచి, చదునుచేసికొని గుడారములు నిలిపితిమి.

సాయంకాలమున ఆ సీమ యందము చూడవలసినది. పగలు నిర్జీవముగ తోచిన బండలు ప్రొద్దువాలువేళ కుంపటిలోని నిప్పులవలె ఎఱ్ఱబాఱినవి. పచ్చనిచెట్టు దూరదూరమున గాని లేదు; ముండ్లకంపయు, ఎండుగడ్డియు. వానినడుమ కనుచూపు మేర నీరు. ఇంత యెండిన నేలపై నింత నీరు నిలుచుట ప్రకృతి పని కాదని చూచినంతనే తెలియును. నీటినడుమ నొక చిన్న దీవి కనబడుచుండెను. "అదే నాగార్జునకొండ" అని పిల్లలకు చూపితిమి. అత్తగారు తల యూపిరి.

"అది కొండ కాదమ్మాయీ, కొండ నెత్తి. కొండంతా నీళ్ళలోనే ఉంది. మా వాకిట్లో నిలబడి దాని కొన చూడాలంటే మెడ నొప్పెట్టేది."

ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిదప వారు చేయి చాచి, చీకటిలో నీటిపైని, ఇచ్చట బావి, ఇచ్చట వేపచెట్టు, ఇచ్చట మా యిల్లు అని చూపుచు పోయిరి. మేము నోరెత్తక వింటిమి. అరటిదొప్పలో దీపము పెట్టి విడిచినప్పుడు గాలికది ఒడ్డునకే మరలి వచ్చినది. అత్తగారు మోకాటిలోతు నీట దిగి మరల త్రోసిరి. మామగారు ఒక్క మాటయు పలుకక వారి చేయి పట్టుకొని నిలిచిరి.

మఱునాడు లాంచీ యెక్కి నాగార్జునకొండకు పోయితిమి. ఈ లోయలో మరుగుపడియున్న ప్రాచీన విజయపురి 1926లో లోకమునకు తెలియవచ్చెను. ఇది క్రీస్తుశకము 3వ, 4వ శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధాని. సాగరము రానున్నదని తెలిసిన పిమ్మట, 1954 మొదలు 1960 వఱకు ప్రభుత్వమువారు లోయ యంతయు త్రవ్వించి, ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని కొండపైకిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. శిల్పములను దీవిలోని మ్యూజియములో నుంచిరి. మన పల్నాటి సున్నపురాతిలో చెక్కిన ఆ బొమ్మల సొగసు చెప్పనలవి కాదు.

అయితే మమ్ము నిలిపినవి శాసనములు. అచ్చటి ధర్మకార్యములలో పెక్కు స్త్రీలు చేయించినవి. రాజులు వైదికయాగములు చేయగా, అంతఃపురస్త్రీలు బౌద్ధవిహారములను పోషించిరి. మహాచైత్యమును చాంతిసిరి యను రాజకుటుంబపు స్త్రీ, వీరపురుషదత్తుని యాఱవ పాలనవత్సరమున పూర్తి చేయించెను. ఆమె ఆ రాజునకు మేనత్త. ఆ రాజు మఱియొక మేనత్త కూతుండ్రను పెండ్లియాడెను. మన మేనఱికము లంత పాతవి! రాజకుటుంబమునకు చెందని బోధిసిరి యను ఉపాసిక, సింహళపు భిక్షువుల కొఱకు చైత్యగృహము కట్టించి, తన బంధువుల పేరులన్నియు వరుసగ చెక్కించి, ఆ పుణ్యమున వారికి పాలు పంచియిచ్చెను. పదునేడు వందల యేండ్ల క్రిందటి ఇల్లాలు తన పుట్టినవారిని మెట్టినవారిని రాతిపైని నిలుపుకొన్నది.

అనుపులో మెట్లు మెట్లుగ కట్టిన రంగస్థలము చూచుచు అత్తగారు మెల్లగ ననిరి: "రాజుల రాళ్ళు గనక మోసుకొచ్చి పెట్టారు. మంచిదే, పిల్లలు చూస్తున్నారు. మా అమ్మ పొయ్యిగడ్డ ఎవరు మోస్తారు?"

దీనికి మా యొద్ద సమాధానము లేదు. ఇప్పుడును లేదు.

ఆ సాయంకాలము బియ్యము చెఱుగుచు వారు చేట దింపి యడిగిరి.

"ఇవి మన పొలం బియ్యమేగా?"

"అవునత్తయ్యా."

"ఆ నీళ్ళు ఇక్కణ్ణుంచేగా వచ్చేది?"

"ఇక్కణ్ణుంచే."

"మా అమ్మ ఉన్నన్నాళ్ళు నాకు ఒడిబియ్యం పోసింది. అమ్మ పోయింది, ఊరు అంతకుముందే పోయింది. ఇక నాకు పుట్టింటి బియ్యం లేవనుకున్నా. చూడబోతే ప్రతి పంటకీ మా ఊరే పంపుతోందన్నమాట."

మేమిద్దఱమును లేచి, ఆ బియ్యములో పసుపు కలిపి, కొబ్బరికాయయు, తమలపాకులును చేర్చి, నీటివైపు మొగము పెట్టించి కూర్చుండబెట్టి, వారి యొడి నింపితిమి. కోడండ్రు అత్తకు ఒడిబియ్యము పోయుట ఏ శాస్త్రమున నున్నదో తెలియదు. అత్తగారు కన్నులొత్తుకొని, వెంటనే మామూలు గొంతుతో, "అట్లాగని ఊరు పోయిన బాధ తీరిందనుకోకండి. అది వేరు, ఇది వేరు" అనిరి. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దంతయు ఆ మాటలోనే యున్నది. కడుపు నిండినంత మాత్రమున పోయినది పోలేదని చెప్పరాదు; పోయినదని యేడ్చుచు వచ్చినదానిని కాదనరాదు. రెండు లెక్కలును వేఱు వేఱుగ వ్రాసికొనవలెను.

మూడవ లెక్క యొకటి కలదు. ఈ సాగరమునకు చేరువనేయున్న వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్టప్రాంతములు కాలువకంటె ఎత్తుననుండుటచే ఆ నీరు వాని కెక్కదు. అచ్చటివారు చిరకాలముగ కోరుచున్న వరికపూడిశెల ఎత్తిపోతల పథకమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. నీటిని కన్నులతో చూచుచు బిందెకై నడచు స్త్రీల కష్టము మన కొళాయి వద్ద మనకు గుర్తుండవలెను. నాలుగు డబ్బాల నీటితో తొమ్మండుగురము రెండుదినములు గడపిన పిదప మా పిల్లలు చెంబెడు నీరు పాఱబోయుటకు జంకుచున్నారు. ఎన్ని పాఠములు చెప్పినను రాని బుద్ధి ఇది.

కావున, సోదరీమణులారా, కార్తికము మొదలు మాఘము వఱకు గల చల్లని దినములలో ఒక్కసారి మీ పొలమునకో, మీ కొళాయికో నీరు పంపు చోటికి పోయి రండు. గుడారము లేకున్న సత్రములో దిగుడు. అయితే ఇంటనున్న వృద్ధురాలిని తప్పక వెంటబెట్టుకొని పొండు. "కాళ్ళనొప్పులు, నీవెందుకు" అని విడిచిపోకుడు. ఆ నీటి క్రింద నేమున్నదో పటములలో నుండదు. చెప్పగల వారింకను కొందఱు మన నడుమ నున్నారు. వారు చేయి చాచి చూపుచుండగ ప్రక్కన కూర్చుండి వినుటకు ఒక రాత్రి చాలును.