కొసరు

బిలాస్‌పూర్‌కు తెలుగువారిని చేర్చినది రైలు. బెంగాల్–నాగపూర్ రైల్వే హయాంలోనే మొదలైన ఈ వలసకు 1931లో పార్వతీపురం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో దారి మరింత సుగమమైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన గుమాస్తాలు, గార్డులు, ఫిట్టర్లు రైల్వే క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. పదవీ విరమణానంతరం స్వగ్రామాలకు మరలిపోక రాజ్‌కిశోర్ నగర్ వంటి పేటలలో ఇళ్ళు కట్టుకున్నవారూ ఉన్నారు. అటువంటి ఒక ఇంటి కుమార్తె నేటికీ బజారులో సంచి పట్టి నిలబడితే, ఆమె తీరులో తల్లీ తండ్రీ ఇద్దరూ కనిపిస్తారు.

తండ్రికి లెక్క ప్రధానం. జీతం అందిన వారంలో బియ్యం, పప్పు, నూనె. మిగిలిన దినాలలో కూరలు మాత్రమే. బుధ్వారీ బజారులో ముందుగా ఒక చుట్టు తిరిగి ధరలు వినాలి. ఆ చుట్టులో సంచి విప్పరాదు. త్రాసు నిలిచిన పిదపనే డబ్బు తీయాలి. దుంపలు అడుగున, ఆకుకూరలు పైన. ఇంతకు మించి ఆయన బోధించినది లేదు.

తల్లిది చేతివేళ్ళ విద్య. బెండకాయ కొస విరిచి, సొరకాయకు గోరు తగిలించి లేతదనం చూసేది. విక్రేతలు విసుక్కునేవారు, అందులో అన్యాయమూ లేదు, విరిచిన కాయను మరొకరు కొనరు కదా! అందుకే తాను విరిచినది ముదురైనా తన సంచిలోనే వేసుకునేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు హిందీ రాదు. గోంగూర అంటే అక్కడ ఎవరికీ తెలియలేదు. ఒకనాడు ఒక పల్లెపడుచు గంపలో ఆ ఆకు కంటబడింది. నోట వేసుకుని పులుపును బట్టి పోల్చుకున్నది. దాని పేరు అమారీ భాజీ. ఆపైన ములగాకు ముంగా భాజీ అనీ, చేమదుంప కోచయి అనీ గంపల దగ్గరే నేర్చుకున్నది.

కందిపప్పు విషయంలో మాత్రం ఆమె కఠినురాలు. దోసిట పోసుకుని, మూలలు తేలిన బద్దలు ఉన్నాయేమోనని వెతికేది. అవి తివరా, అనగా లంకపప్పు బద్దలు. అదే పనిగా తింటే కాళ్ళు చచ్చుబడతాయి. 1961లో కేంద్ర నిబంధనలు ఆ పప్పు అమ్మకాన్ని నిషేధించినా ఛత్తీస్‌గఢ్ పొలాలలో దాని సాగు ఆగలేదు. ఈ పరీక్ష కుమార్తెకు అక్షరాభ్యాసం వలె అబ్బింది.

ఇక కొసరు. బేరమాడిన చోట కొసరు అడగరాదు, కొసరు అడిగే చోట బేరమాడరాదు అన్నది తల్లి నియమం. గంప తలకెత్తుకుని కోసుల దూరం నడిచి వచ్చిన మనిషి దగ్గర రెండూ రాబట్టడం ఆమెకు దోపిడీగా తోచేది. చెప్పిన ధర ఇచ్చి, ‘పురౌనీ?’ అని చేయి చాచేది. కొసరుకు ఛత్తీస్‌గఢీ మాట అది. బాల్యంలో కుమార్తె ఆ చాచిన చేతిని చూసి సిగ్గుపడి దూరంగా నిలబడేది. పెద్దయ్యాక నియమం పాటించింది గాని, చేయి చాచలేకపోయింది.

ఇప్పుడు ఆ ఇంట సరుకులలో సగం పొట్లాలలో వస్తాయి. తూకంలో మోసం తక్కువ; తండ్రి ఉంటే సంతోషించేవాడు. పొట్లానికి కొసరు లేదు. ఆమె కుమారుడు తోపుడుబండి దగ్గర ధర అడగడు; ఫోను చూపి డబ్బు చెల్లిస్తాడు. కొసరు అన్న మాట అతనికి తెలియదు, తల్లి నేర్పలేదు. ఒకనాడు ఫోను మోగిన తరువాత బండి మీది ముసలామె నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కొత్తిమీర కాడ అతని సంచిలో వేసింది. పొరపాటున పడ్డాయనుకుని అతడు తీసి ఇవ్వబోయాడు.

‘పురౌనీ’ అన్నదామె.