పాత పెట్రోల్ బండి ఉన్నోళ్లు ప్లగ్ వైర్లు ఒకసారి చూసుకోండ్రి

పోయిన వానకాలం ఒక రాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైతే నా పాత మారుతి 800ల తాండూరు నుంచి వికారాబాద్ దవాఖానకు బయలుదేరిన. వానల అనంతగిరి ఘాట్ ఎక్కంగనే బండి మిస్ కొట్టుడు షురువైంది. ఫస్ట్ గేర్ల కూడా గుంజలేదు. వెనకొచ్చిన బండల లారీ తమ్ముడు ఎక్కించుకున్నడు కాబట్టి అమ్మ దక్కింది.

నెల ముందే కార్బొరేటర్ కడిగించి, కొత్త ప్లగ్గులు వేయించిన. వైర్లు మాత్రం "ఇంకా నడుస్తయి తీ" అని నేనే వద్దన్న. తప్పు నాదే.

మన ట్రాక్టర్ డీజిల్‌ది, దానికి ప్లగ్ నిప్పురవ్వ అక్కర లేదు. పెట్రోల్ బండికి కాయిల్ నుంచి వేల ఓల్టుల కరెంటు ఈ వైర్లల్నే పోవాలె. రబ్బరు పగిలి తడి తాకితే కరెంటు ప్లగ్గుకు అందక ఇంజన్ మీదికి దుంకుతది. చీకట్ల బానెట్ లేపితే మెరుపులు కనబడ్తయి. చెయ్యి మాత్రం పెట్టకుండ్రి.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న 800కు ప్లగ్గులకు 3, కాయిల్‌కు 1, మొత్తం 4 వైర్లు. సెట్టు మొత్తం మార్చుండ్రి. పాతవి దుకాణానికి పట్టుకపోయి పొడుగు సరిచూసుకోవాలె. ఇంజన్ చల్లారినంక, ఒకటి తీసి దాని జాగల ఒకటి పెట్టాలె. లేకుంటే 1-3-2 వరుస తప్పుతది. వైరు గుంజొద్దు, టోపీ పట్టి తిప్పి తీయాలె. సైలెన్సర్ పైపుకు ఆనకుండ క్లిప్పులల్ల ఇరికించాలె.

ఇప్పుడు వానల కూడా ఘాట్ ఎక్కుతున్న. మీరు మాత్రం లారీ తమ్ముని మీద భరోసా పెట్టుకోకుండ్రి.