మూతి నలుపు, ఒళ్లు ఎరుపు

నా మొదటి గిన్నె తొలి కాల్పులోనే పేలిపోయింది. పైకి ఆరినట్టే ఉన్నా, మందపాటి అడుగులో తడి మిగిలింది. కొలిమి వేడికి అది ఆవిరై గిన్నెను ముక్కలు చేసింది. పక్కవాళ్ల కప్పుల్లోకీ పెంకులు ఎగిరాయి. హైదరాబాద్‌లో నేను సాయంత్రాలు మట్టిపని నేర్చుకునే స్టూడియోలో ఆ వారమంతా ఎవరి ముఖమూ సూటిగా చూడలేకపోయాను.

ఆ రోజుల్లో నాకు దేవుడు బెర్నార్డ్ లీచ్. 1940లో వచ్చిన ఆయన 'ఎ పాటర్స్ బుక్' స్టూడియో మేడమ్ దగ్గర అడిగి తెచ్చుకుని, పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పాండిచ్చేరిలో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ కప్పొకటి కొన్నాను. దాని పిడికి నకలు తియ్యడానికే రెండు నెలలు పట్టింది. 1240 డిగ్రీల్లో కాలి బయటికొచ్చిన నా కప్పు మీద గ్లేజ్ నిగనిగలాడేది. కప్పు మాత్రం ఇంకెవరిదో అనిపించేది.

ఆ సంక్రాంతికి అమ్మమ్మగారి ఊళ్లో కుమ్మరి తాతకు ఒక గిన్నె చూపించాను. ఆయన గ్లేజ్ వంక చూడనేలేదు. వేలి కణుపుతో తట్టి మోత విన్నాడు. అరచేతిలో ఎత్తి చూశాడు.

"మోత బాగుందమ్మా. అడుగెందుకింత బరువు? పట్టుకునేవాళ్లను తలుచుకోవద్దూ?"

ఆయన సారె మీద చేసేది సగం కుండే. అడుగులేని కుండను దారంతో కోసి దించి, కాస్త ఆరాక లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ పోయేవాడు. మట్టి పలచబడి, సాగి, చివరికి అడుగు మూసుకునేది. నేను తడితే గుంటలు పడేవి. "బలం చాలమ్మా, దరువు తప్పుతోంది" అనేవాడు.

ఆ తర్వాత ఒక మ్యూజియంలో, మన ఊళ్లలో రాక్షస గుళ్లని పిలిచే ఇనుపయుగపు సమాధుల కుండలు చూశాను. లోపలా, మూతి చుట్టూ నలుపు. కిందంతా ఎరుపు. మట్టి ఒక్కటే. బోర్లించి కాల్చినప్పుడు గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, గాలాడని మూతి పొగ పీల్చి నల్లబడుతుంది. పూతల పుస్తకాల్లో రంగుల కోసం వెతికిన నాకు, నిప్పే రంగులు వెయ్యగలదని అప్పుడు తట్టింది.

వేసవిలో మళ్లీ అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. తాత చూపినట్టే చెక్కతో తట్టి ఆరు గిన్నెలు చేశాను. జాజు పూసి, నున్నటి రాయితో రుద్ది, ఆయన ఆవంలో ఊకలో మూతులు పూడేలా బోర్లించాను. రెండు పగిలాయి. మూడు బొగ్గులయ్యాయి. ఆరోది మూతి నల్లగా, ఒళ్లు ఎర్రగా వచ్చింది. రెండు రంగులూ కలిసే చోట గీత తిన్నగా లేదు. దరువు తప్పిన నా గుంటల వెంట పొగ పాకింది. ఆ వంకర గీత నేను ఏ కప్పులోనూ చూసింది కాదు.

నీళ్లు పోస్తే గిన్నె చెమర్చింది. స్టూడియోలో అమ్మకానికి పనికిరాదు. అమ్మమ్మ మాత్రం అందులో పాలు తోడుపెట్టింది. మర్నాటికి పెరుగు కత్తితో కోసేంత గట్టిగా తోడుకుంది.

ఖాళీ గిన్నె కడిగి తాతకు ఇచ్చాను. మళ్లీ అరచేతిలో ఎత్తి చూశాడు.

"నయం. అడుగు ఇంకా బరువే."