కార్డు ఉంది, కొలువు ఏది?



రామన్నపేట హాస్టల్‌లో పదో తరగతి పాసయిన మాకు పెద్దలందరూ చెప్పిన మొదటి మాట ఒకటే: "ఎంప్లాయ్‌మెంట్ కార్డు చేయించుకోండ్రి". మెమో, కుల సర్టిఫికెట్ పట్టుకొని నల్లగొండ బస్సెక్కేవాళ్ళం. మూడేండ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే సీనియారిటీ పోతుందని ఆ కార్డును పాసుపుస్తకంలా దాచుకున్నాం.

కానీ కార్డు వేరు, కొలువు వేరు. 1959లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, 25 మందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపవలసి ఉండేది. అక్కడి వారినే తీసుకోవాలని మాత్రం ఆ చట్టంలో లేదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టక పత్రికల్లోనూ ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసిన అందరినీ చూడాలని చెప్పింది. అది న్యాయమే. అయితే కార్డు సీనియారిటీకి ఉన్న విలువ తగ్గిపోయింది.

తరువాత సర్కారు ఇంకో దారి పట్టింది. కొత్తవారిని పెట్టుకున్న యజమానికి డబ్బు సాయం చేయడం. 2016లో మొదలైన ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజనలో, 15,000 రూపాయల లోపు జీతగాడి కోసం యజమాని కట్టవలసిన పెన్షన్ వాటా 8.33 శాతాన్ని కేంద్రమే కట్టింది. 2018 ఏప్రిల్ నుంచి మొత్తం 12 శాతం వాటా కట్టింది.

దీనితో నిరుద్యోగం తగ్గుతుందా? ఒక కంపెనీలో రెండు పోస్టులున్నాయనుకుందాం. సాయం ఉన్నా లేకున్నా ఆ ఇద్దరినీ పెట్టుకునేవాడే అయితే, సర్కారు సొమ్ము యజమాని జేబులోకి పోయినట్టే. ఒకరిని తీసేసి, సాయం వచ్చే మరొకరిని పెట్టుకుంటే, క్యూలో మనుషులు మారారు గానీ క్యూ తగ్గలేదు. ఫ్రాన్స్‌లో చదువుకున్న నిరుద్యోగ యువతకు ఉద్యోగం వెతికిపెట్టే సేవపై జరిగిన పరిశోధన 2013లో అచ్చయింది. సేవ అందినవారికి కలిగిన లాభంలో కొంత, అందనివారి నష్టం నుంచే వచ్చిందని అది తేల్చింది.

అందుకే 2025 ఆగస్టు నుంచి అమలైన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనలో షరతు పెట్టారు. 50 మంది కంటే తక్కువ ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, 50 లేదా అంతకు మించి ఉన్న సంస్థ కనీసం ఐదుగురిని అదనంగా తీసుకోవాలి. వారు ఆరు నెలలైనా పనిలో ఉండాలి. ఇది మంచి షరతు.

క్యూ తగ్గకపోతే ఈ సేవలు దండగేనా? కాదంటాం. పైరవీ చేసే మామ, ఫోన్ చేసే బాబాయి ఉన్న ఇంటి పిల్లలకు ఎక్స్ఛేంజి అక్కర్లేదు. కూలి చేసే మన అమ్మానాన్నలకు కంపెనీల్లో ఎవరు తెలుసు? ఖాళీ ఉందన్న కబురు మన దాకా రావడమే మనకు సగం బలం. క్యూలో ఎప్పుడూ చివర నిలబడేది మనమే కాకూడదు కదా!

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పనిలో చేరే రోజే పీఎఫ్ ఖాతా నంబరు అడగండి. సర్కారు సాయం లెక్క నడిచేది ఆ ఖాతా మీదే. అది లేని కొలువుకు ఈ పథకాలు వర్తించవు. పేరు నమోదు చేసుకోండి, కానీ నమోదుతోనే ఆగిపోకండి. మన చదువుకు తగ్గ కొత్త పనులు మన ప్రాంతానికి రావాలని కూడా అడుగుదాం.