చిన్న గదికి తగిన స్పీకర్లు

పాట బాగుగా వినబడవలెనన్న పెద్ద స్పీకర్లే కొనవలయునను నమ్మకము మన యిండ్లలో బలముగా నాటుకొని యున్నది. అంగడివాడును దానినే బోధించును. పైగా నతడు మాటలాడునది మగవారితోడనే. ఆ గదిలో పిల్లలు చదువుకొందురనియు, పెద్దవారు పరుండుదురనియు, స్పీకరు వెనుకకు చీపురు పోవలయుననియు నెరిగినవారము మనము. కావున, సోదరీమణులారా, ఈ బేరమున మన మాటయు నుండవలెను.

మా మరదిగారు పొరుగూరికి పోవుచు తమ నిలువెత్తు స్పీకర్లను మా యింట విడిచిరి. మా ఆంప్లిఫయరునకు వానినే తగిలించి వినుచుంటిమి. మా యత్తగారికి వయసుతో వినికిడి కొంత తగ్గినది. "చప్పుడు వినబడుచున్నదే కాని సాహిత్యము తెలియుట లేదమ్మా" యని, పాట పెట్టినప్పుడెల్ల నామె లేచి వసారాలోనికి పోవుచుండెను. నలుబదియేండ్లు కృతులు పాడుకొనిన మనిషి యట్లు లేచిపోవుట చూడ మాకు మనసొప్పలేదు. రెండేండ్లు చీటీ కట్టి కూడబెట్టిన సొమ్మును ఇందులకే వినియోగింప నిశ్చయించితిమి.

మా గది 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 1,125 అడుగులు పోవును. సెకండునకు 56 సార్లు కంపించు మంద్రధ్వని యొక్క తరంగము పొడవు రమారమి 20 అడుగులు. అందు సగము సరిగా మా గది వెడల్పు. అట్టి ధ్వని యెదురెదురు గోడల నడుమ చిక్కి, నూతిలో పలికినట్లు, ఆగక మ్రోగుచుండును. గది చచ్చౌకముగా నున్న మరియు నష్టము. పొడవునందును వెడల్పునందును నొకే ధ్వని పెచ్చు పెరుగును. స్పీకరును మూలకు నెట్టిన నది యింకను హెచ్చును. పెద్ద వూఫరు గల పెట్టె యీ మంద్రమునే ధారాళముగా నిచ్చును. మాటను మాటగా తెలియజేయు క, త, ప, స వంటి యక్షరముల ధ్వనులో, సన్ననివి, బలహీనమైనవి. వార్ధక్యమున మొదట తగ్గునదియు నీ సన్నని ధ్వనుల వినికిడియే. ఇక బిగ్గరగా పెట్టినకొలది హోరు పెరుగును గాని మాట తేటపడదు.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇంగ్లండులో బి.బి.సి. వారికి బయటి ప్రసారముల వ్యానులలో కూర్చుండి ధ్వనిని పరీక్షింపవలసి వచ్చెను. వ్యాను మన వంటయింటికంటె నిరుకు. అందులకై వారి యింజనీర్లు 1970 తరువాతి యేండ్లలో ఎల్.ఎస్. 3/5ఎ అను చిన్న పెట్టెను నిర్మించిరి. దాని యెత్తు 12 అంగుళములు, వూఫరు 5 అంగుళములు. మంద్రమును కొంత వదలుకొని, మనుష్యకంఠమును ఉన్నదున్నట్లు పలికించుట దాని ప్రయోజనము. నేటికిని దానిని మెచ్చువారు కలరు.

ఆ పద్ధతినే వెదకితిమి. ఒక యంగడిలో పెట్టెలను ఇంటికి పంపుటకు ఒప్పుకొనలేదు. అంగడి విశాలమైన హాలులో విని మురిసిన లాభమేమి? మరియొకచోట బయానా పుచ్చుకొని రెండు దినములకు ఇచ్చిరి. వూఫరు 5 అంగుళములది, వెనుక రంధ్రము లేని మూతపెట్టె. రంధ్రము వెనుకనున్నచో గోడకు దగ్గరగా పెట్టినప్పుడు గుమ్మనును. అట్టివి యిదివరకే యున్నవారు ఆ రంధ్రమున పాత మేజోడు కుక్కి చూడవచ్చును.

ఆంప్లిఫయరునకు పొత్తు కుదురునా యని తెలియుటకు రెండంకెలు చాలును. ఒకటి ఓములు. ఆంప్లిఫయరు వెనుక 8కి తక్కువ కూడదని యున్నచో 4 ఓముల స్పీకరు తగిలింపరాదు, యంత్రము వేడెక్కును. రెండవది, ఒక వాటు శక్తికి ఒక మీటరు దూరమున నెన్ని డెసిబెళ్ళు పలుకునను నంకె. ఇది 3 తగ్గిన, అదే బిగ్గరకు రెట్టింపు శక్తి కావలెను. చిన్న పెట్టెలకు సామాన్యముగా నీ యంకె తక్కువే. అయినను 7 అడుగుల దూరమున కూర్చుండు మాకు 30 వాట్ల ఆంప్లిఫయరు నిండుగా చాలినది. వందలకొలది వాట్ల ప్రగల్భములు పెండ్లిపందిళ్ళకు తగును.

అమరిక మా చేతిపని. పెట్టెలను బీరువాపై నెక్కింపక, చెవి యెత్తునకు వచ్చు ముక్కాలిపీటలపై, గోడకు అడుగున్నర యెడముగా, మూలలు విడిచి నిలిపితిమి. రెండు పెట్టెల నడుమ నెంత దూరమో, అత్తగారి కుర్చీకిని రమారమి అంత దూరము. మాది షాబాదు బండల నేల. చప్పట్లు కొట్టిన గోడలు మారుపలికెడివి. జంపఖానా పరచి, దళసరి తెరలు కట్టి, పుస్తకముల బీరువాను ఎదుటిగోడకు చేర్చితిమి. ఆ మారుమ్రోత చాలవరకు అణగెను.

ఘంటసాలగారి భగవద్గీత, ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు పెట్టి పరీక్షించితిమి. కంఠస్థమైన దానితో పరీక్షించుటయే మేలు. క్రొత్త పాటలో లోపము పాటదో పెట్టెదో తెలియదు. రెండవనాటి సాయంకాలము అత్తగారు కడవరకు లేవలేదు. అంతటితో పోనీయక, "కొంచెము తగ్గించి మరల పెట్టు" మనిరి! తగ్గించుమని యామె యడుగుట మేమెరుగము. మా యబ్బాయికి మాత్రము సినిమా డప్పులు చాలవట. వాడు సర్దుకొనవలసినదే.

పెట్టెల ముందరి గుడ్డతొడుగును తీసివేయకుడు. పసిపిల్లల వ్రేళ్ళు ట్వీటరును నొక్కిన నది పాడగును. దుమ్మును మెత్తని పొడి కుంచెతో దులుపవలెను, తడిగుడ్డ తగిలింపరాదు.