రంగం నుంచి రానివాళ్ళు

రావికమతం,
అనకాపల్లి జిల్లా.

ఒరే నూకరాజూ,

కల్యాణపులోవ రిజర్వాయరులో నీళ్ళు బాగానే ఉన్నాయి, నాట్లకి దిగులు లేదు. మీ అమ్మ మొన్న బస్సులో కనిపించింది. మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందంది. నీకు ఆ దీమాపూర్ చలి పడుతుందో లేదో అని నన్నడిగింది, నాకేదో తెలిసినట్టు.

నీ తోటి ఉద్యోగి అడిగాడన్న సంగతికి ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. రెండు ముక్కలు చెప్పేలోగా నువ్వు ‘డ్యూటీ టైమైందిరా’ అనేస్తావు. అందుకే కాగితం తీశాను. 1942లో జపానువాళ్ళు వైజాగ్‌లో దిగబోయారట, వేసిన బాంబు పేలక తిరుగుముఖం పట్టారట, నిజమేనా అని కదా ఆయన అడిగింది? బాంబులు పడ్డాయి. పేలాయి. మనుషులూ పోయారు. దిగబోయారన్నది మాత్రం ఒట్టిమాట.

పేలని బాంబు కూడా ఒకటి ఉంది. ఆర్కే బీచి దగ్గర పాత డచ్చి బంగళాలో పెట్టిన విశాఖ మ్యూజియంలో చూడొచ్చు. బడి పిల్లలు వరసలో వచ్చి దాన్ని చూసి ‘పేల్లేదట్రా’ అనుకుంటూ ముందుకి పోతారు. ఈ కథకి మొదలు అక్కడే ఉండొచ్చని నా అనుమానం. పేలనిది కళ్ళెదుట ఉంటుంది, పేలినవాటిని ఎవడు చూపిస్తాడు?

జరిగింది ఇది. 1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు అడ్మిరల్ నగుమో విమానాలు కొలంబో మీద పడ్డాయి. అదే సమయంలో వైస్ అడ్మిరల్ జిసాబురో ఒజావా ఇంకో దళంతో బంగాళాఖాతంలోకి వచ్చాడు. ర్యూజో అనే విమానవాహక నౌక, దానికి తోడు క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు. మర్నాడు సోమవారం ర్యూజో మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో వాటి గురి హార్బరు, పవర్ హౌసు. హార్బరు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళో పోయినవాళ్ళు కొద్దిమందే. దాంతో ‘ఓస్, ఇంతేనా’ అని చరిత్ర పుస్తకాలు కూడా ఒక వాక్యంతో సరిపెట్టేశాయి.

అసలు దెబ్బ తగిలింది ఒడ్డు మీద కాదు. కలకత్తా నుంచి కాపలా లేకుండా బయల్దేరిన సరుకు ఓడలని ఆ దళం మన తీరానికీ ఒడిశా తీరానికీ ఎదురుగా వెతికి వెతికి ముంచింది. ఆ కొద్ది రోజుల్లో 23 ఓడలు, లక్షా పన్నెండు వేల టన్నులు మునిగిపోయాయి. అందులో చాలా భాగం ఆ ఒక్క సోమవారమే. ఒజావా వచ్చిన పని అదే. బర్మాలో ఉన్న తమ సైన్యానికి సముద్రం వైపు నుంచి అడ్డు లేకుండా చేసుకోవాలి, ఇటు వర్తకం ఆగిపోవాలి. ఒడ్డున దించడానికి ఆ ఓడల్లో సైన్యమే లేదు. పని ముగించుకుని సింగపూర్ వైపు వెళ్ళిపోయారు. తుఫానూ తరమలేదు, దేవుడూ అడ్డుపడలేదు. ఆ ర్యూజో అదే ఏడు ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర జరిగిన యుద్ధంలో మునిగిపోయింది. నిన్నడిగినాయనకి ఇదంతా చెప్పు.

దిగబోయారన్నది అబద్ధమే గానీ, దిగుతారన్న భయం అబద్ధం కాదు. ఢిల్లీలో క్రిప్స్ దొర మన నాయకులతో బేరాలాడుతున్న రోజులవి. మద్రాసులో సర్కారు ఆఫీసులని లోపలి ఊళ్ళకి తరలించారు. బాంబులు పడితే తప్పించుకుని వీధుల్లోకి వస్తాయని అక్కడి జూలో క్రూరమృగాలని కాల్చి చంపారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భవనాలు మిలటరీ చేతికి వెళ్ళాయి, చదువులు గుంటూరుకి వెళ్ళాయి. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు పని వెనకబడింది. అక్కడ తయారైన మొదటి ఓడ ‘జల ఉష’ నీళ్ళలోకి దిగేసరికి 1948 మార్చి వచ్చింది.

ఇదంతా తీరిగ్గా వెతికితే పుస్తకాల్లో దొరికేదే. నేను కలం పట్టింది దీనికోసం కాదు. నువ్వు రోజూ డ్యూటీకి వెళ్ళే స్టేషనుంది చూడు, దాన్ని ఆ రోజుల్లో మణిపూర్ రోడ్ అనేవాళ్ళు. యుద్ధం మనవాళ్ళని నిజంగా దెబ్బతీసింది వైజాగ్‌లో కాదురా, నీ స్టేషనుకి వచ్చే దారిలో.

ఆ దారి కథ మన దగ్గరే మొదలవుతుంది. మన ఊరి మీంచి పోయే బీఎన్ రోడ్డు చివర ఉన్నది భీమిలి అని నీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు భీమిలి అంటే మనకి బీచి, లైట్‌హౌసు, ఆదివారం పూట చేపల వేపుడు. మన ముత్తాతల కాలంలో భీమిలి అంటే రంగం, అంటే రంగూన్ ఓడ ఎక్కే రేవు. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు రంగూన్ పోయేవి. వానలు పడకపోయినా, షావుకారు అప్పు తీరకపోయినా, కూతురి పెళ్ళికి డబ్బు కావాలన్నా దారి ఒక్కటే, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని రంగం వెళ్ళడం. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో, కోతల్లో కూలిపని. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ పట్నంలో సగానికి పైగా భారతీయులే. రేవు కూలీల్లో మనవాళ్ళే ఎక్కువ. బర్మావాళ్ళు మనల్ని కోరంగీలనేవాళ్ళు, మన కోరంగి రేవు పేరు మీద.

అక్కడా సుఖంగా లేరు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లో సరుకెత్తే కంపెనీలు బర్మా కూలీలని పనిలోకి తెచ్చాయి. సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నాయి. పొట్ట కొట్టింది కంపెనీలు, కోపం పడింది మనవాళ్ళ మీద. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. బతికినవాళ్ళు మళ్ళీ అదే రేవులో పనికెళ్ళారు. ఇంటికి డబ్బు పంపాలి కదా.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. విమానాలని వింతగా చూడ్డానికి జనం వీధుల్లోకి వచ్చి నిలబడ్డారట. వెయ్యిమందికి పైగా పోయారు. క్రిస్మస్ నాడు మళ్ళీ పడ్డాయి. ఓడ టిక్కెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు. కూలివాళ్ళకి మిగిలింది కాళ్ళు. నడిచి బయల్దేరినవాళ్ళని రేవు పని ఆగిపోతుందని మొదట్లో ప్రోమ్ దారిలో ఆపి వెనక్కి తిప్పారు కూడా. మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది.

అప్పుడిక ఆపేవాడు లేడు. ఒక దారి అరకాన్ కొండలు దాటి, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్‌కి. రెండోది చిండ్విన్ నది దాటి, మలేరియాకి పేరుమోసిన కబావ్ లోయలో తమూ దాకా వచ్చి, పాలెల్, ఇంఫాల్ మీదుగా నీ దీమాపూర్‌కి. మూడోది అన్నిటికన్నా ఘోరం, ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా లేడోకి. ఆ మూడు దారుల్లోనూ కలిపి నాలుగైదు లక్షల మంది వచ్చారంటారు. దారిలో రాలిపోయినవాళ్ళెందరో ఎవరూ లెక్క రాయలేదు. పదివేలని ఒకరంటారు, యాభై వేలు దాటిందని ఇంకొకరంటారు. కలరా, మలేరియా, విరేచనాలు, ఆకలి. మేలో వానలు దిగాక బురదలో కూలబడినవాళ్ళు మళ్ళీ లేవలేదు. మే 10న ఇంఫాల్ మీద కూడా బాంబులు పడ్డాయి, దాంతో అక్కడి ఏర్పాట్లన్నీ చెదిరిపోయాయి.

ఆ నడకలోనూ దొరకి ఒక రకం, కూలికి ఒక రకం. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి అన్న ఫిర్యాదు దేశమంతా వినిపించింది. వైస్రాయి కౌన్సిల్లోనే ఉన్న ఎం.ఎస్. అణే, ఆయనతో పాటు హృదయనాథ్ కుంజ్రూ ఆ సరిహద్దుకి వెళ్ళి చూసొచ్చారు. ఏప్రిల్ చివర్లో అలహాబాద్‌లో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దీన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. మూడు నెలలు దాటగానే క్విట్ ఇండియా వచ్చింది. ఉద్యమం అందరికీ గుర్తుంది. దాని వెనకున్న కోపంలో ఈ నడక పాలెంతో ఎవరూ చెప్పుకోరు.

మన ఇళ్ళలో చెప్పుకునే కథలు వేరు. మా నాయనమ్మ వాళ్ళ పెద్దన్న రంగం వెళ్ళి తిరిగి రాలేదు. ‘ఆడు అక్కడే బర్మా పిల్లని కట్టీసుకుని ఉండిపోనాడు’ అనేది నాయనమ్మ. చిన్నప్పుడు నాకది సరదాగా ఉండేది. మనకీ బర్మాలో చుట్టాలున్నార్రా అని బళ్ళో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. పెద్దయ్యాక చూస్తే, రాని మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. పేర్లు మారతాయి, బర్మా పెళ్ళాం మాత్రం మారదు. నిజంగా ఉండిపోయినవాళ్ళు లేకపోలేదు. ఇవాళ్టికీ మయన్మార్‌లో తెలుగువాళ్ళున్నారు, గుళ్ళు కట్టుకున్నారు. కానీ రానివాళ్ళందరూ పెళ్ళిళ్ళు చేసుకుని హాయిగా ఉంటే, ఆ కొండ దారుల్లో పోయినవాళ్ళు ఎవరి బిడ్డలు? శవం చూడని తల్లి కర్మ చేయించలేదు, చేయించకుండా ఉండాలంటే కొడుకు ఎక్కడో బతికి ఉండాలి. ఆ కథ అబద్ధమైతే ఆ తల్లిని తప్పుపట్టలేం. దాన్నే చరిత్ర అనుకుని మనం ఊరుకున్నాం చూడు, అది మన తప్పు.

ఇంకో కథ బంగారానిది. రంగం నుంచి వచ్చినవాడు నడుముకి బంగారం కట్టుకొచ్చాడనీ, ఫలానా మేడ రంగం డబ్బుతో లేచిందనీ చెబుతారు. ఒకరిద్దరు మేస్త్రీల ఇళ్ళు లేచి ఉండొచ్చు. కూలి చేసినవాడు తెచ్చింది చలి జ్వరం, తీరని అప్పు. వచ్చాక అయినా తిండి దొరికిందా? బర్మా పోవడంతో అక్కణ్ణుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. మరుసటేడు బెంగాల్ కరువులో ముప్ఫై లక్షల మంది పోయారని అంచనా. దానికి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, ఆగిపోయిన బర్మా బియ్యం అందులో ఒకటి.

వైజాగ్‌లో బర్మా క్యాంపు ఉంది కదా, అక్కడున్నది వీళ్ళే కదా అని నువ్వు అడుగుతావు. కాదు. వాళ్ళు వచ్చింది ఇరవై ఏళ్ళు దాటాక. 1962లో నె విన్ గద్దెనెక్కి దుకాణాలూ మిల్లులూ జాతీయం చేశాక, 1964 నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళవీ కష్టాలే. కాకపోతే వాళ్ళకి కాందిశీకులన్న గుర్తింపు, ఏదో ఒక కాలనీ దక్కాయి. 1942లో నడిచొచ్చినవాళ్ళు రైలు దిగి, ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళి, మళ్ళీ అదే షావుకారు గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళ పేరు మీద వీధి లేదు, పేట లేదు, రాయి లేదు.

రాయి అంటే గుర్తొచ్చింది. నర్సీపట్నంలో రెండు తెల్లదొరల సమాధులు మనిద్దరం చూశాం కదా. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి కొండదారిలో అల్లూరి సీతారామరాజు దళం చేతిలో చచ్చిపోయిన స్కాట్ కవార్డ్, హైటర్ల సమాధులవి. మన దేశాన్ని ఏలడానికి వచ్చి, మన అడవిలో పోయినవాళ్ళకి కూడా వందేళ్ళుగా పేరు నిలిచింది. రాజుకి కృష్ణదేవిపేటలో సమాధి ఉంది, ఉండాలి కూడా. ఆయన వెనక నడిచిన కొండవాళ్ళలో చాలామందికి లేదు. పొట్టకూటికి సముద్రం దాటి, ఎవరి యుద్ధంలోనో చిక్కుకుని, ఇంటిదారిలో పోయిన కూలికి అసలే లేదు. తుపాకి పట్టినవాడికే చరిత్రలో చోటు అనుకున్నంత కాలం ఇది ఇంతే. మన జిల్లా వరకు రెండో ప్రపంచయుద్ధం అంటే మ్యూజియంలో పేలని బాంబు కాదు, కబావ్ లోయలో పడిపోయిన కూలివాడు.

అందుకే నీకో పని చెబుతున్నాను. మీ తాత తమ్ముడొకాయన రంగం వెళ్ళాడని మీ అమ్మ ఎప్పుడో అన్నట్టు గుర్తు. రాత్రి ఫోన్ చేసినప్పుడు మోకాళ్ళ నొప్పి గురించి అడిగాక ఆయన పేరేంటో అడుగు. ఏ రేవులో ఓడెక్కాడు, అక్కడ ఏ పని చేశాడు, ఆఖరి మనియార్డరో ఉత్తరమో ఎప్పుడొచ్చిందో అడుగు. బర్మా పిల్లని కట్టుకున్నాడంటే అదీ రాసుకో, కొట్టిపారెయ్యకు. నేనిక్కడ రావికమతం, కొత్తకోట, రోలుగుంట వైపు పెద్దవాళ్ళని అడిగి ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇంటిపేరు, మనిషి పేరు, ఊరు, వచ్చాడా లేదా, అంతే. దసరాకి నువ్వొచ్చాక రెండూ కలిపి, ఒక కాపీ ఊళ్ళో లైబ్రరీకి ఇద్దాం. 1942లో ఎనిమిదేళ్ళ పిల్లలకి ఇప్పుడు తొంభై దాటాయి. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
నీ
సత్తిబాబు