డిచ్‌పల్లి గుట్ట మీద

ఆర్మూరు నుంచి హైదరాబాదు దిక్కు పోయే పసుపు లారీలు డిచ్‌పల్లి దాటిపోతాయి. రోడ్డుకు లోపలగా, గుట్ట మీద రామాలయం. కాకతీయుల కాలపు పని, 14వ శతాబ్దానిదని చెబుతారు. గుడి అసంపూర్తిగానే మిగిలింది. దీన్ని ఇందూరు ఖజురాహో అంటారు గానీ నాకా మాట నచ్చదు. ఇంకో ఊరి పేరు ఎరువు తెచ్చుకోవాల్సిన అవసరం ఈ రాతికి లేదు. గోడల మీద దేవతలు, యోధులు, జంతువులు, మిథునాలు, అన్నీ ఒకే శ్రద్ధతో చెక్కినవి.

మిథునాలు కనబడగానే కొందరు తల దించుకుని నడుస్తారు. అప్పుడు నాకు ఇంగ్లండులోని కిల్‌పెక్ పల్లె గుర్తొస్తుంది. 12వ శతాబ్దపు చిన్న చర్చి; చూరు కింద కుక్క, కుందేలు, వాద్యం మీటే మనిషి, సిగ్గెరగని ఒక నగ్న స్త్రీ రూపం. రెండు చోట్లా శిల్పులు బతుకును దేవుడి గడప బయట ఆపేయలేదు. గొప్ప రాజధాని గుళ్ల కంటే ఇలాంటి పల్లె రాళ్లే నన్ను ఎక్కువసేపు నిలబెడతాయి. ఇక్కడ ఉలి వేసినవాడు మనకు దగ్గరివాడనిపిస్తాడు.

ఆర్మూరు బడిపిల్లలను డిచ్‌పల్లి గుట్టకు తీసుకుపోయి, నచ్చిన శిల్పాన్ని తలా ఒకటి కాగితం మీద గీయించాలని నా కోరిక.